పల్లెపుటలు, యంత్రరచన, పూచీ: పశ్చిమ ప్రకాశం ఆధారంగా ఒక పరిశీలన

మార్కాపురం, గిద్దలూరు, కంభం పరిసరాల పల్లెల గురించి తెలుగు వికీపీడియాలో వెదికే పరిశోధకునికి పుట వెంట పుట ఒకే వాక్యనిర్మాణం ఎదురవుతుంది. 2011 జనగణన ప్రకారం ఇన్ని ఇళ్లు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్లు. పిమ్మట బడి, తాగునీరు, భూవినియోగం. జనగణన పట్టికలోని అంకెలను ముందుగా రచించిన వాక్యాలలో పొదిగి ఈ భాగాలను కూర్చారు. శైలి నీరసమే. అయితే ఆ నీరసమే వాటి పుట్టుకను దాచకుండా చెబుతున్నది.

2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞానసర్వస్వంలో బాట్లకు వేరే ఖాతా, సముదాయపు అనుమతి, మార్పుల జాబితాలో గుర్తు అవసరం. పొరపాటు జరిగితే బాటును నడిపిన మనిషే జవాబుదారీ. 2009-2011 మధ్య గూగుల్ అనువాద ఉపకరణంతో ఆంగ్లవ్యాసాలు వచ్చిపడినప్పుడు ఈ లంకె తెగింది. అనువదించినవారు వెళ్లిపోయారు, కృతకవాక్యాలను సరిదిద్దే భారం స్వచ్ఛంద సభ్యులపై పడింది. ఇదే అనుభవం పొందిన తమిళ వికీపీడియన్లు 2010లో పోలండులోని గ్దాన్స్క్ సదస్సులో తమ విమర్శను వినిపించారు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలోనూ ఇదే చిక్కు. తాను పంపే కోడ్‌ను పంచే హక్కు తనకున్నదని రచయిత సంతకం చేసే పద్ధతిని లినక్స్ కెర్నల్ 2004లో ప్రవేశపెట్టింది. అంతకు ముందటి ఏడు ఎస్‌సీఓ సంస్థ వేసిన దావా దానికి నేపథ్యం. కృత్రిమమేధ రాసిన కోడ్‌ను జెంటూ 2024లో నిషేధించింది. అదే ఏడు నెట్‌బీఎస్‌డీ ముందస్తు అనుమతి లేనిదే చేర్చరాదన్నది. నిషేధం కన్న సంతకమే మన్నికైన నియమమని నా అభిప్రాయం: నేటి యంత్రరచనను చూపుతో పోల్చుకోవడం కష్టం, పట్టుకోలేనిదాన్ని నిషేధించి ప్రయోజనం స్వల్పం.

పశ్చిమ ప్రకాశానికి ఈ నియమం మరింత అవసరం. 1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 2011 పట్టికకు ఆ సంగతి పట్టదు. అయినా పట్టిక కల్పించి చెప్పదు. కృత్రిమమేధ మాత్రం ప్రకాశం జిల్లా పేరును పట్టుకొని కంభం చెరువు పాత చరిత్రను నెల్లూరు, గుంటూరు దస్త్రాలకు ముడిపెట్టి చక్కని తెలుగులో రాయగలదు. ఆ వాక్యం కింద పేరు పెట్టేవారు 1886 నాటి నరహరి గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు జిల్లా మాన్యువల్‌ను తెరచి చూశారా అన్నదే సంపాదకులు అడగవలసిన ప్రశ్న.