పడవ దిగిన నాయిక

శాన్ హోసే నగరములో వియత్నామీయుల అంగళ్ల వీథిని నడచునప్పుడు, పసుపుపచ్చని వస్త్రముపై మూడు ఎఱ్ఱని చారలు గల పతాక మొకటి దుకాణముల మీదను, గుడుల ముంగిటను, వారి సంవత్సరాది యగు తేత్ పండుగనాడు పసిపిల్లల చేతులలోను ఎగురుచుండుట చూచి నేను చాలకాలము విస్మయపడితిని. ఆ పతాకము గల దక్షిణ వియత్నాం రాజ్యము నేటి ప్రపంచ పటమున లేదు. 1975 ఏప్రిల్ 30వ తేదీన సైగాన్ నగరము ఉత్తర వియత్నాం సేనల వశమైననాడే అది అంతరించినది. అయినను ఈ నగరపాలకులు దానిని తమ పౌరుల వారసత్వ చిహ్నముగా గుర్తించి గౌరవించుచున్నారు. దేశమును పోగొట్టుకొన్నవారికి జెండానైన నిలిపిన ఈ అమెరికా ఎట్టి దేశమో తెలిసికొనగోరువారికి నేను రాజుల కథలు, ఎన్నికల కథలు చెప్పను. ఒక నటి కథ చెప్పెదను.

ఆమె పేరు హియెప్ థి లె. 1971లో వియత్నాంలోని డా నాంగ్‌లో జన్మించినది. యుద్ధము ముగిసిన తరువాత ఆ దేశమునుండి లక్షలాది జనులు చేపల పడవలలో సముద్రమున బడి, తుపానులకును సముద్రపు దొంగలకును దాహమునకును ఎందఱో ఆహుతియగుచుండిన ఆ దారుణ కాలమున, ఎనిమిదేండ్ల ప్రాయమున ఈ బాలిక సోదరితో గూడి, తల్లిని వెనుక విడిచి, పడవ యెక్కినది. హాంకాంగ్ శరణార్థి శిబిరమున తండ్రిని కలిసికొని, అటనుండి ఉత్తర కాలిఫోర్నియా చేరినది. తల్లి పిదప వచ్చినది. పిల్ల చదువుకొన్నది, డేవిస్‌లోని విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రము నభ్యసించినది. నటన యన్నది ఆమె తలపులోనే లేదు.

అట్టి తరుణమున దర్శకుడు ఆలివర్ స్టోన్, డా నాంగ్ సమీప గ్రామమున పుట్టి ఇరుపక్షముల సైనికులచేతను హింసింపబడి తుదకు అమెరికా చేరిన లే లి హేస్లిప్ అను రైతుబిడ్డ స్వీయచరిత్రను చిత్రముగా తీయ సంకల్పించి, నాయిక కొఱకు వియత్నామీయ వనితలను బహిరంగముగా పిలిచెను. వచ్చిన వేలమందిలో, ఎన్నడును కెమెరా ముందు నిలిచి యెఱుగని ఈ విద్యార్థిని ఎంపికయ్యెను. 1993లో వెలువడిన ‘హెవెన్ అండ్ ఎర్త్’ చిత్రమున పల్లె పడుచుగా మొదలిడి, అమెరికాలో బిడ్డలను పెంచు తల్లి వఱకు ఆమెయే నటించినది. తండ్రి పాత్ర ధరించిన హైంగ్ ఎస్. న్గోర్ స్వయముగా కంబోడియా మారణకాండను తప్పించుకొని వచ్చిన వైద్యుడు. ఆ తండ్రీకూతుళ్లు తెరపై ఎదురెదురుగా కూర్చుండిన దృశ్యములలో నాకు నటనకంటె జ్ఞాపకమే ఎక్కువగా కనబడినది.

స్టోన్ తానును ఆ యుద్ధమున పోరాడిన సైనికుడే. అంతకుముందు ఆయన తీసిన ‘ప్లటూన్’ మొదలగు చిత్రములు అమెరికా సైనికుని గాయమును చూపినవి. వియత్నాం స్త్రీ హృదయమును చూపినది ఈ మూడవ చిత్రమే. అదియే పరాజయము పొందినది. ఇచటి ప్రేక్షకులు తమ దుఃఖమును చూచుటకు వరుసలు కట్టిరి గాని ఆమె దుఃఖమును చూచుటకు రాలేదు. వాషింగ్టన్‌లోని ఆ యుద్ధపు స్మారకమగు నల్లఱాతి గోడపై చెక్కిన 58,000కు పైబడిన పేర్లన్నియు అమెరికా సైనికులవే. ఈ దేశమును మెచ్చుకొను నా నోటికి ఇచ్చట అడ్డు పడుచున్నది.

కాని మెచ్చుకొనవలసినదియు కలదు. 1979లో అధ్యక్షుడు కార్టర్, తన ప్రజలలో చాలమంది వలదనుచున్నను, ఇండోచైనా శరణార్థుల రాకను నెలకు 7,000 నుండి 14,000కు పెంచెను. మఱుసటి ఏడు శరణార్థుల చట్టము వచ్చెను. బాంబులు వేసిన చేయియే తలుపు తీసినది. మనవారికి దేవానంద్ సరసన ‘ది ఈవిల్ వితిన్’లో నటించిన తారగా తెలియదగిన కియె చిన్, సైగాన్‌లో మహానటియై వెలిగి, 1975లో దేశాంతరగతయై కెనడాలో కోళ్లఫారమున కూలిపని చేసినది, టిప్పి హెడ్రెన్ అను అమెరికా నటి ఆదుకొనగా ఈ దేశము చేరి మరల తెరకెక్కినది. అక్కడ తార కూలి కాగా, ఇక్కడ పడవ దిగిన పిల్ల తార యయ్యెను.

ఇది తలచినప్పుడెల్ల నా మనస్సు మా తాలిపేరు ఏటి ఒడ్డునకు పోవును. ఇప్పపూలు రాలు వేసవి వేకువలు, తునికాకు కట్టలు, మిరపకోతల ఘాటు, గోదావరి పొంగి దారులు మూసుకొన్న శ్రావణ మాసములు నా కన్నుల గట్టును. ఆ అడవి దారినే 2005 మొదలుకొని, మావోయిస్టులపై పోరుకు లేచిన సల్వాజుడుం దళముల నాటి కల్లోలమునకు ఊళ్లు కాలిపోగా, ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతమునుండి వేలకొలది గొత్తికోయ గిరిజనులు బిడ్డలను భుజముల నెత్తుకొని మన చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం అడవులకు నడచి వచ్చిరి. వారిది సముద్రము గాదు, అడవి. పడవ లేదు, కాళ్లే యుండినవి. రాష్ట్రసరిహద్దు అను గీతకు ఆవల షెడ్యూల్డు తెగ వారైనవారు ఈవల కాకపోయిరి; కులపత్రము లేదు, పోడుభూమికి పట్టా లేదు, గుడిసె వేసిన చోట నిలకడ లేదు. మన మిరపతోటలలో కాయ కోయుటకు మాత్రము వారి చేతులు మనకు కావలెను. హియెప్ థి లె ప్రతిభ పడవలోనే పుట్టినదని నేననుకొనను. ఆమెకు ముందు ఒక చిరునామా దొరకినది, పిదప ఒక బడి దొరకినది, ఆ పిమ్మటనే తెర దొరకినది.

తరువాతి కాలమున ఆమెకు గొప్ప పాత్రలు విశేషముగా రాలేదు. 1995లో ‘బుగిస్ స్ట్రీట్’, 2001లో, 1975 నాటి శరణార్థి శిబిరమును చిత్రించిన ‘గ్రీన్ డ్రాగన్’ ఆమె నటించినవానిలో కొన్ని. 2017 డిసెంబరులో కాన్సరు వ్యాధిచే 46 ఏండ్లకే లాస్ ఏంజెలెస్‌లో మరణించినది.

మా మండలపు ఉపాధ్యాయులకు, సర్పంచులకు నా విన్నప మిది: అడవిలోని ఆ గుడిసెల పిల్లల పేర్లను ఈ జూనులోనే బడి పట్టీలో చేర్పించుడు, వారి తల్లిదండ్రుల కులపత్రము కొఱకు మన శాసనసభ్యులను పట్టుకొని అడుగుడు.