గడ్డి మంటకి ఎస్టిమేషన్ వేసిన ప్రోగ్రామరు

ఎస్టిమేషన్ సంగతి మనకి కొత్తేం కాదు. ఎన్ని మాడ్యూళ్ళు, ఒక్కోదానికి ఎన్ని గంటలు, గుణించు, మేనేజరుకి పంపు. ఫార్ములా ఎప్పుడూ కరెక్టే, తేడా అంతా అందులో మనం వేసే అంకెల్లోనే. ఆఫ్రికా సవానాలు, అంటే అక్కడి గడ్డిమైదానాలు, తగలబడినప్పుడు గాలిలోకి ఎంత వాయువు పోతుందో లెక్కకట్టిన చరిత్ర చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది.

ఇందులో హీరో కూడా ఒకరకంగా మనవాడే లెండి. పాల్ క్రుట్జెన్ అనే డచ్చాయన అప్పటిదాకా వంతెనలు, ఇళ్ళు కట్టే ఆఫీసుల్లో పనిచేశాడు. 1958లో స్టాక్‌హోమ్‌లోని వాతావరణ విభాగానికి ప్రోగ్రామరు కావాలన్న ప్రకటన పేపర్లో చూసి, ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు రాకుండానే అప్లై చేసి ఉద్యోగం కొట్టేశాడు! ఆ దారిలోనే వెళ్ళి 1995లో ఓజోన్ మీద పనికి నోబెల్ పంచుకున్నాడు.

1980లో ఆయనా, వోల్ఫ్‌గాంగ్ సైలరూ కలిసి ఇచ్చిన లెక్క ఇది: కాలిన విస్తీర్ణం, ఎకరానికో హెక్టారుకో ఉండే మొక్కల బరువు, అందులో నేలపైన ఉన్న వంతు, అందులో నిజంగా కాలిన వంతు. నాలుగూ గుణిస్తే కాలిన సరుకెంతో వస్తుంది. ఇంతే!

మరి వాయువుల మాట? పొగనంతా ఎవరూ సంచిలో పట్టలేరు. కానీ పొగ ఎంత పలచబడినా, మొదటి కాసేపు అందులో కార్బన్ మోనాక్సైడుకీ, కార్బన్ డయాక్సైడుకీ ఉన్న నిష్పత్తి పెద్దగా మారదు. ఆ నిష్పత్తి దొరికితే చాలు. 1992లో సఫారి-92 అనే ప్రయోగంలో దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కులో కావాలని గడ్డి తగలబెట్టి, పొగలోకి హెలికాప్టర్ పంపి మరీ కొలిచారు. ఇలాంటి కొలతలన్నీ 2001లో ఆండ్రే, మెర్లే ఒకచోట చేర్చారు. కిలో ఎండుగడ్డికి 1,613 గ్రాముల కార్బన్ డయాక్సైడు, 65 గ్రాముల మోనాక్సైడు, 2.3 గ్రాముల మీథేన్. (కిలోకి కిలోన్నర ఎలా వచ్చిందంటారా? గాలిలోని ఆక్సిజన్ బరువు కలిసిందండీ.)

ఇంత కష్టమైన కెమిస్ట్రీ కుదిరింది. అన్నిటికన్నా తేలికనుకున్న విస్తీర్ణం దగ్గర దెబ్బ పడింది. మోడిస్ ఉపగ్రహ పరికరం 500 మీటర్ల గళ్ళలో చూస్తుంది, చిన్న చిన్న మంటలు దానికి ఆనవు. 2021లో వచ్చిన ఒక అధ్యయనం 2016 సంవత్సరాన్ని 20 మీటర్ల చిత్రాలతో మళ్ళీ లెక్కేస్తే, సహారాకి దిగువన కాలిన నేల 80 శాతం ఎక్కువ తేలింది. దాదాపు 49 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశానికి ఒకటిన్నర రెట్లు!

ఇదంతా పండితుల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఆస్ట్రేలియాలో పశ్చిమ ఆర్నెమ్ లాండ్ ఆదివాసులు వేసవి ముదరకముందే చిన్న మంటలు పెట్టి పెద్ద మంటల్ని ఆపడం తరతరాలుగా ఎరుగుదురు. గడ్డి మళ్ళీ మొలిచి కార్బన్ డయాక్సైడుని తిరిగి పీల్చుకుంటుంది కానీ మీథేన్‌నీ, నైట్రస్ ఆక్సైడునీ కాదు. ఆ రెండూ ఎంత తగ్గాయో కొలవగలిగారు కాబట్టే, 2006 నుంచి డార్విన్‌లోని ఓ గ్యాస్ కంపెనీ వాళ్ళ పనికి డబ్బు కడుతూ వచ్చింది. అంటే తాతల నాటి తెలివికి విలువ రావడానికి దశాంశాలు కావాల్సొచ్చింది.

నాకైతే కొలత గొప్పతనం కన్నా ఇదే ఎక్కువ ఆలోచింపజేసింది. ఎక్సెల్లో గడి లేనిదానికి మనం విలువ కట్టం. గడి ఉన్నా, అందులో అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగం. మీరేమంటారు?