తెరిష్కోవా: మూడు రోజులు, ముప్ఫై ఏళ్ళు

వాలెంటీనా తెరిష్కోవా పేరు చెప్పగానే మనకు స్ఫురించే కథ ఒకటే: నేతమిల్లు కార్మికురాలు రోదసిలోకి వెళ్ళింది. మా నాన్నగారు దాచుకున్న పాత 'సోవియట్ భూమి' సంచికల్లో చిన్నప్పుడు నేనూ ఆ కథే చదివాను. పంతులునయ్యాక పిల్లలకూ అదే చెబుతూ వచ్చాను. కిందటేడు పదోతరగతి అమ్మాయి ఒకతె, "మాస్టారూ, ఆమె తరవాత ఎవరు వెళ్ళారు?" అని అడిగింది. జవాబు వెతకబోతే, ఇన్నేళ్ళూ నేను చెప్పింది చరిత్రలో మూడు రోజుల ముక్క మాత్రమేనని అర్థమయింది.

ఆమె 1937లో యారొస్లావల్ ప్రాంతపు పల్లెలో పుట్టింది. ట్రాక్టరు నడిపే తండ్రి ఫిన్లండ్ యుద్ధంలో చనిపోయాడు. 1945లో, ఎనిమిదో ఏట బడిలో చేరింది. ముందు టైరు ఫ్యాక్టరీలోనూ, 1955 నుంచి 'క్రాస్నీ పెరెకోప్' జౌళి మిల్లులోనూ పనిచేసింది. పగలు మిల్లు, సాయంకాలం చదువు. జౌళి సాంకేతిక విద్యను ఉద్యోగం చేస్తూనే 1960లో పూర్తిచేసింది. అంతకు ముందే, 1959 మేలో, ఊళ్ళోని ఏరోక్లబ్బులో తొలిసారి పారాచూట్‌తో దూకింది.

ఆ దూకుడే ఆమెను రోదసికి చేర్చింది. వోస్తోక్ నౌకలో మనిషి నేలదాకా రాడు. సుమారు ఏడు కిలోమీటర్ల ఎత్తున సీటుతో సహా బయటపడి, పారాచూట్‌తో విడిగా దిగాలి. అందుకే 1962లో ఐదుగురు స్త్రీలను ఎంపిక చేసినప్పుడు పారాచూట్ క్లబ్బుల్లోనే ఎక్కువగా వెతికారు. ఆ ఐదుగురిలో వాలెంటీనా పొనొమర్యోవా మాస్కో విమానయాన విద్యాలయంలో చదివిన ఇంజనీరు. చదువులో ఆమెదే పైచేయి. కాని చివరి ఎంపికలో శ్రామిక జన్మ, యుద్ధంలో పోయిన తండ్రి కూడా లెక్కకు వచ్చాయి. శ్రామిక స్త్రీకి ఆ అవకాశం దక్కడం చిన్న విషయమని నేననను. అయితే మనిషికి అవకాశమివ్వడం వేరు, మనిషిని ప్రతీకగా నిలబెట్టడం వేరు.

1963 జూన్ 16న వోస్తోక్-6 బయలుదేరింది. 48 ప్రదక్షిణలు, 70 గంటల 50 నిమిషాలు. అప్పటిదాకా అమెరికా వ్యోమగాములందరూ కలిసి గడిపిన కాలాన్ని ఆమె ఒక్కతే మించింది. నౌకను కిందికి దింపవలసిన అమరిక పైకి తీసుకుపోయేలా ఉందని తాను కనిపెట్టి చెప్పాననీ, కిందినుంచి సవరించిన అంకెలు పంపారనీ, ఈ సంగతి బయటపెట్టవద్దని ప్రధాన రూపశిల్పి కొరొల్యోవ్ కోరారనీ దశాబ్దాల తరవాత ఆమె వెల్లడించింది. తప్పును దాచారు. తప్పును పట్టిన బుద్ధి కూడా దానితోపాటే మరుగున పడింది. విజయగాథ రాసేవాళ్ళం ఈ మాట మరవకూడదు.

తరవాత జరిగిందేమిటి? ఆమె మళ్ళీ విద్యార్థిని అయింది. జుకోవ్‌స్కీ వైమానిక ఇంజనీరింగ్ అకాడమీలో 1969లో పట్టా పుచ్చుకుంది. అదే ఏడు మహిళా వ్యోమగాముల దళాన్ని రద్దు చేశారు. తక్కిన నలుగురిలో ఒక్కరూ ఎగరలేదు. తెరిష్కోవా 1977లో సాంకేతిక శాస్త్రంలో పరిశోధక పట్టం అందుకుంది, రెండోసారి మాత్రం ఎగరలేదు. రోదసికి వెళ్ళిన రెండో స్త్రీ స్వెత్లానా సవిత్స్కయా, 1982లో. ఆమె వైమానిక మార్షల్ కుమార్తె, స్వయంగా ఆరితేరిన పైలట్. నడుమ పందొమ్మిదేళ్ళు గడిచాయి.

మన అభ్యుదయ సాహిత్యంలోనూ ఈ జబ్బు ఉంది. కార్మికురాలు జెండా ఎత్తిన చోట కథ ముగిస్తాం. మిల్లునుంచి వచ్చి దీపం ముందు కూర్చున్న రాత్రులను రాయం. జెండా దించాక తలుపు మూసినవారినీ రాయం. బడిలో చేరిన 1945 నుంచి 1977 దాకా ముప్ఫై రెండేళ్ళు చదివిన మనిషిని మూడు రోజులకు కుదించడం ఆమెకు గౌరవం కాదు.

ఆ అమ్మాయికి మర్నాడు జవాబు చెప్పాను, పందొమ్మిదేళ్ళ సంగతితో సహా. "మరి ఆ నలుగురి పేర్లు?" అంది. పొనొమర్యోవా, సొలొవ్యోవా, యోర్కినా, కుజ్నెత్సోవా అని బల్ల మీద రాశాను. పిల్లలు ఎక్కించుకున్నారు.