పెరడు, పొయ్యి, పాట: మన అవ్వల చరిత్ర



మన చరిత్ర అనగానే జోడేఘాట్ గుట్టలు, 1940లో కొమురం భీం అమరత్వం, జల్ జంగల్ జమీన్ గుర్తుకొస్తాయి. రావాలి కూడా. అయితే అదే చరిత్రలో ప్రతి ఇంటి వెనక ఒక వెదురు దడి ఉంది. ఆ దడి లోపల మన అవ్వలు ఏం చేశారన్నది రాసినవాళ్లు తక్కువ. ఆడపిల్లల హాస్టల్లో ఏళ్లుగా పనిచేస్తున్న మేము దాని గురించే నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసి హద్దులు గీశారు. గుట్టల మీద చోటు మార్చుకుంటూ చేసుకునే పోడుకు అడ్డు పడింది. కొన్ని ఊళ్లను ఖాళీ చేయించారు. మంచి భూముల పట్టాలు చాలావరకు బయటి నుంచి వచ్చినవాళ్ల చేతికి పోయాయి. అలాంటి రోజుల్లో గుడిసె ఎక్కడ వేసుకుంటే అక్కడ దాని వెనక పెరడు మొలిచింది. దానికి నాగలి అక్కర్లేదు, ఎడ్లు అక్కర్లేదు. ఆడమనిషి చేతిలో ఒక పార, బుర్రలో దాచిన విత్తనాలు ఉంటే చాలు.

ఆ పెరడు విలువ తెలియాలంటే నెలల లెక్క చూడాలి. జొన్న ఇంటికి రావాలంటే చలికాలం రావాలి. పాత గింజలు వానలు ముగియకముందే అడుగంటుతాయి. ఆ కరువు రోజుల్లో, శ్రావణ భాద్రపద మాసాల్లో, ముందుగా చేతికొచ్చేది పెరట్లో వేసిన మక్క కంకి. దానితోపాటు దడి మీద బీర, చిక్కుడు, గుడిసె కప్పు మీద సోర, గుమ్మడి. పొయ్యిలోని బూడిద, కొట్టంలోని పేడ, గిన్నెలు కడిగిన నీళ్లు, అన్నీ అక్కడికే. ముదిరి ఎండిన సోరకాయ మళ్లీ ఇంట్లోకే వచ్చి నీళ్ల బుర్ర అయ్యేది, విత్తనాల బుర్ర అయ్యేది.

ఇక కళ సంగతి. దీపావళి దగ్గర పడితే దండారి మొదలవుతుంది. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఊరి నుంచి ఊరికి వెళ్తారు. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమందరం గర్వపడ్డాం. కానీ వచ్చిన దండారి బృందానికి ఆతిథ్యం ఇవ్వడం ఊరి ధర్మం కదా! అంతమందికి కూర ఎక్కడిది? డప్పు చప్పుడు వాకిట్లో వినిపిస్తుంటే చిక్కుడుకాయలు తెంపే చేతులు పెరట్లో ఉండేవి. ఆ చేతులే వంట అయ్యాక దెంసాలో కలిసేవి. కేస్లాపూర్ నాగోబా దగ్గర మట్టి పుట్టలు చేయడంలోనూ మెస్రం ఇంటి ఆడవాళ్ల చేతులు ఉంటాయి. మన తోటి అక్కలు పచ్చబొట్లు పొడిచింది కూడా ఇంటి పని మధ్యలోనే. పెరడు, పొయ్యి, పాట వాళ్లకు మూడు వేరు వేరు పనులు కావు. చంకలో బిడ్డ, చేతిలో పార, నోట్లో పాట.

ఇలా చెబితే అంతా అందంగా కనిపిస్తుంది. నిజానికి అది చాలా బరువు. పాట సగంలో ఉండగా బిడ్డ ఏడిస్తే ఆ పాట అక్కడే ఆగింది. ఎన్ని పాటలు అలా ఆగిపోయాయో! పూర్తయిన పాటలకైనా కట్టినామె పేరు మిగల్లేదు.

1943లో మార్లవాయిలో హైమండార్ఫ్ దొర చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండిలో వాచకాలు వచ్చాయి. దొర భార్య బెట్టి ఎలిజబెత్ సమాధి ఈనాటికీ మార్లవాయిలోనే ఉంది. తర్వాత ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు వచ్చాయి. వాటి వల్లనే మేమూ చదువుకున్నాం, టీచర్ ట్రైనింగ్ చేశాం, ఉద్యోగం చేస్తున్నాం. ఆ మేలు మరవలేం. కానీ చిన్నప్పుడే ఇల్లు వదిలిన పిల్లకు విత్తనం ఎప్పుడు వేయాలో చూపించేవాళ్లు ఎవరు? సెలవులకు వెళ్లి తిని వచ్చాం తప్ప అమ్మ పక్కన కూర్చుని అడగలేదు.

మా అమ్మ పోయాక చూరు కింద ఆమె విత్తనాల బుర్ర దొరికింది. బూడిదలో కలిపి పెట్టిన గింజలు. కొన్నిటిని గుర్తుపట్టాం. మిగతావి చిక్కుడులో ఏ రకమో, ఏ నెలలో వేయాలో మాకు తెలియలేదు. అన్నీ ఒకేసారి వేశాం, సగం మొలవలేదు. పిల్లలకు పాఠాలు చెప్పే మేము ఆ రోజు పెరట్లో నిలబడి ఏడ్చాం.

అప్పటి నుంచి హాస్టల్ వెనక కొంచెం జాగలో తోట పెంచుతున్నాం. అందులో వచ్చేది మెస్‌కు సరిపోదు, ఆ సంగతి ముందే చెప్తున్నాం. కానీ పిల్లలు సెలవులకు వెళ్లి వచ్చేటప్పుడు ఇంటి నుంచి గుప్పెడు విత్తనాలు, వాటి గోండి పేరు, అవ్వ పాడే ఒక పాట తెస్తున్నారు. తెల్లవారి హాజరు, వంట, మా ఇంటి పిల్లలు, అందరూ నిద్రపోయాక ఆ పాటలు నోటుబుక్కులో రాయడం. కొన్ని రాత్రులు రెండు లైన్లు రాసేసరికే కళ్లు మూతపడతాయి. అయినా ప్రతి పాట కింద పాడినామె పేరు, ఊరు మాత్రం తప్పకుండా రాస్తున్నాం.

ఈ సంచిక చదివే ఉద్యోగస్తులకు, విద్యార్థులకు మా మనవి ఒక్కటే. ఈసారి దండారికి ఊరికి వెళ్లినప్పుడు గుస్సాడీతో ఫోటో దిగండి. తర్వాత ఇంటి వెనక్కి కూడా ఒకసారి వెళ్లండి. అక్కడ అవ్వ ఉంటే బుర్రలో ఏముందో అడగండి, ఆమె పేరుతో సహా రాసుకోండి. మేము అడగడం ఆలస్యం చేశాం. మీరు చేయకండి.

జై సేవా.