సువర్ణరేఖయు నూనెతెట్టెయు

1907లో పుట్టిన టాటా ఉక్కు సంస్థ 1912లో సాక్చీయందు తొలియుక్కును తీసినది మొదలు, పొట్ట చేతఁబట్టుకొని తెలుగుసీమ విడిచివచ్చినవారు పలువురు ఆ సాక్చీ నెలకొన్న జంషెడ్‌పురమున స్థిరపడిరి. అచ్చటి సీతారాండేరా యను పేటకుఁ జేరువనే సువర్ణరేఖ ప్రవహించుచున్నది. యంత్రమున్నచోట నూనె చిందక మానదు. చిందిన నూనె నీటిపై ఇంద్రధనుస్సువలె మెఱయు పలుచని తెట్టెయై తేలును. కంటికి సొంపే కాని, చేఁపకుఁ బ్రాణవాయువు నందనీయదు.

అట్టి జిడ్డునీటనే బ్రతుకనేర్చిన సూడోమోనాస్ అను సూక్ష్మజీవి, మన కుంకుడురసము తలజిడ్డును విడఁదీయునట్లే, రామ్నోలిపిడ్ అను నురుగుపదార్థమును స్రవించి, నూనెను సన్నని తుంపరలుగఁ జీల్చి యాహారముగఁ గొనును. ఈ పదార్థపు నిర్మాణమును జార్విస్, జాన్సనులు 1949లోనే వెల్లడించిరి. పిమ్మట వంగదేశీయుఁడగు ఆనందమోహన చక్రవర్తి నూనెను భుజించునట్లు మలచిన సూడోమోనాసు పేటెంటునకు అర్హమని 1980లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పిచ్చెను. ఇంత వ్యాజ్యము నడపిన ఆ జీవి మాత్రము ప్రయోగశాల గడప దాటి ఏ తెట్టెను భుజింపలేదు.