తెలుగు తీరంలో కలిపిన పంచ్

ఇంట్లో చిన్న బార్ అమర్చుకునేవాళ్ళ అలమరాలో, ఏ దేశంలో చూసినా, కొన్ని వస్తువులు తప్పకుండా ఉంటాయి. రెండు మూడు రకాల ఘాటు మద్యం, నిమ్మకాయలు, పంచదార పాకం, ఏదో ఒక సుగంధద్రవ్యం. వీటిని ఒకచోట చేర్చి కలుపుకు తాగే అలవాటుకు చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువగా న్యూయార్క్ దగ్గరో లండన్ దగ్గరో కథ ఎత్తుకుంటారు. అసలు ఎత్తుకోవలసింది మన తీరం దగ్గర. పంచ్ అనే పానీయం పేరు ఇంగ్లీషు రాతల్లో మొట్టమొదట దొరికేది 1632 సెప్టెంబర్ 28 నాటి ఒక ఉత్తరంలో. ఆ ఉత్తరం అందుకోవలసిన మనిషి ఈస్టిండియా కంపెనీ వర్తకుడు థామస్ కాలీ. అతనున్న ఊరిని ఇంగ్లీషువాళ్ళు పెత్తపోలి అనేవారు. ఇవాళ అది బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం.

ఉత్తరం రాసినవాడి పేరు రాబర్ట్ ఆడమ్స్. కాలీ, అతని తోటివాళ్ళు ఇంటిని కలిసిమెలిసి నడుపుకోవాలనీ, పంచ్ తాగేటప్పుడు కొలతలు చూసుకోవద్దనీ చనువుగా రాశాడు. పంచ్ అంటే ఏమిటో, ఎలా కలపాలో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేనంతగా అప్పటికే అది ఈ తీరంలోని ఇంగ్లీషువాళ్ళకు అలవాటైపోయిందన్నమాట. పంచ్ ప్రస్తావన ఇంటి ప్రస్తావనతో కలిసి రావడం కూడా గమనించాలి. అది దుకాణంలో కొనుక్కు తాగేది కాదు. మొదటి నుంచీ ఇంట్లో కలుపుకున్నదే.

ఆ ఇల్లు మామూలు కాపురాల ఇల్లు కాదు. 1611లో గ్లోబ్ అనే ఓడ పెత్తపోలి, మచిలీపట్నం రేవులకు వచ్చిన దగ్గర నుంచి కంపెనీ ఇక్కడ వర్తకపు కొఠీలు పెట్టింది. వాళ్ళకు కావలసింది అద్దకం బట్టలు, సన్ననేత. కాలీకి ఉత్తరం వచ్చిన 1632లోనే గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా, ఏటా 500 వరహాల సుంకం మీద తన రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోమని ఇంగ్లీషువాళ్ళకు బంగారు ఫర్మానా ఇచ్చాడు. కొఠీలో సరుకు గోదాము, లెక్కల గది, పడకలు అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. భోజనం అందరికీ ఒకే బల్ల మీద. ఉండేది దాదాపు అందరూ ఒంటరి మగవాళ్ళు. ఓడ వస్తే గానీ సొంత ఊరి కబురు తెలియదు, ఓడలు ఏడాదికి ఒకసారి రావడమే గొప్ప.

దాహం తీరడం కూడా అంత సులువు కాదు. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న కంపెనీ వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ ఆ ఊరి గురించి రాస్తూ, జనం కిక్కిరిసిన చిన్న పట్నమనీ, చుట్టూ గోడ లేదనీ, ఊళ్ళో నీళ్ళన్నీ ఉప్పనేననీ చెప్పాడు. ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న బీరు ఆరేడు నెలల సముద్ర ప్రయాణంలో వేడికి పులిసి పాడయ్యేది. ద్రాక్షసారా కానరీ దీవుల నుంచో, పర్షియాలోని షిరాజ్ నుంచో రావాలి. అదీ ఖరీదే, అందులోనూ చాలీచాలకుండా వచ్చేది. ఇక్కడ చవకగా దొరికేది సారా. తీరం పొడవునా తాళ్ళు, ఈతలు, కొబ్బరిచెట్లు. కల్లును బట్టీ పెట్టి దించితే సారా. పచ్చిగా తాగితే గొంతు మండే ఆ సారాను నిమ్మరసం, పంచదార, నీళ్ళు, మసాలాతో మెత్తబరిస్తే పంచ్.

శ్రీరామనవమి పానకం రుచి తెలిసిన మనకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. బెల్లం, నీళ్ళు, మిరియం, యాలకులు చేరి ఒకదాని పొగరును ఒకటి తగ్గించుకున్నట్టే పంచ్‌లో తీపి పులుపును, నీళ్ళు ఘాటును సర్దుతాయి. 1638లో సూరత్ వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో చూసిన పంచ్‌లో సారాతో పాటు పన్నీరు, నిమ్మజాతి పండ్ల రసం, పంచదార ఉన్నాయి. బెంగాల్లో ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ చూసినదాంట్లో బెల్లపు సారా, నిమ్మరసం, నీళ్ళు, పైన తురిమిన జాజికాయ. 1673లో మచిలీపట్నంలో దిగిన జాన్ ఫ్రయర్ అనే మరో వైద్యుడు ఇందులో ఐదు పదార్థాలుంటాయి కాబట్టే ఆ పేరు వచ్చిందని రాశాడు. యూరప్ నుంచి వచ్చిన ముడిసరుకు ఇందులో ఒక్కటీ లేదు. వచ్చినవాళ్ళ దాహం మాత్రమే యూరప్‌ది. అందుకే దీన్ని ఇంగ్లీషువాళ్ళ ఆవిష్కరణ అని ఊరికే అనేయడం న్యాయం కాదు. సారా దించినవాళ్ళు, చెరుకు ఆడినవాళ్ళు, కొఠీల వంటిళ్ళలో నిమ్మకాయలు పిండిన నౌకర్లు ఈ ఊళ్ళవాళ్ళే. వాళ్ళ పేర్లు కంపెనీ కాగితాల్లోకి ఎక్కలేదు.

కొలత చూసుకోకుండా తాగినందుకు మూల్యం కూడా భారీగానే చెల్లించారు. పంచ్ ఒంటికి చాలా చేటని బెర్నియర్ వైద్యుడిగా గట్టిగానే హెచ్చరించాడు. 1672 నుంచి 1678 వరకు మద్రాసు కోటలో గవర్నరుగా ఉన్న విలియం లాంగ్‌హార్న్ హయాంలో ఒక నియమం వచ్చింది. ఒక మనిషి ఒక్కసారికి అరపింటు సారా లేదా బ్రాందీ, ఒక క్వార్టు వైను మించి తాగితే జరిమానా. ఆ హద్దే అంతుందంటే, దాన్ని దాటినవాళ్ళ సంగతి ఊహించుకోవచ్చు.

నిమ్మకాయ వెనక ఇంకో కథ ఉంది. 1601లో కంపెనీ మొదటి ప్రయాణానికి నాయకుడు జేమ్స్ లాంకాస్టర్. నాలుగు ఓడల్లో తన రెడ్ డ్రాగన్ ఓడ నావికులకు మాత్రం రోజూ పొద్దున్నే మూడేసి చెంచాల నిమ్మరసం తాగించాడు. స్కర్వీ జబ్బుతో మిగతా మూడు ఓడల్లో మనుషులు కుప్పకూలుతుంటే ఆ ఓడవాళ్ళు నిలబడి పనిచేశారు. తూర్పు ప్రయాణాలు చేసిన ఓడలవాళ్ళకు నిమ్మరసం విలువ అలా ముందే తెలుసు.

ఓడలే పంచ్‌ను ఇంగ్లండ్‌కు చేర్చాయి. 1662 జనవరిలో ఇంగ్లీషు రచయిత జాన్ ఎవెలిన్, థేమ్స్ నది మీద బ్లాక్‌వాల్ రేవులో లంగరేసిన ఒక ఈస్టిండియా ఓడ ఎక్కి, రాజుగారి తమ్ముడితో పాటు పంచ్ రుచి చూసినట్టు డైరీలో రాసుకున్నాడు. తర్వాతి డెబ్బై ఏళ్ళలో అది లండన్ నగరాన్నే కమ్మేసింది. 1731లో జేమ్స్ ఆష్లీ లడ్గేట్ హిల్ మీద పంచ్ దుకాణం తెరిచి, ధరలు బాహాటంగా ప్రకటించాడు. ఒక క్వార్టు అరక్, అంటే మన సారా, పంచ్‌గా కలిపిస్తే ఆరు షిల్లింగులు, రమ్ము గానీ బ్రాందీ గానీ అయితే నాలుగే. తెలుగు తీరంలో చేతికందే చవక సారా సముద్రం దాటేసరికి అన్నిటికన్నా ఖరీదైన సరుకైంది.

కలిగిన ఇళ్ళలో పంచ్ గిన్నె హోదాకు గుర్తయింది. చైనా నుంచి పింగాణీ గిన్నెలు ప్రత్యేకంగా చేయించుకునేవారు. దానికి తోడు వెండి గరిటె, జాజికాయ తురుముకునే బుల్లి తురుముపీట, నిమ్మరసం వడకట్టే జల్లెడ. ఈనాటి ఇంటి బార్‌లో కనిపించే సామగ్రికి తొలిరూపం ఇదే. చిత్రకారుడు హోగార్త్ 1730ల మొదట్లో గీసిన అర్ధరాత్రి విందు చిత్రంలో బల్ల నడిమధ్యన గిన్నె, చుట్టూ తూలిపోతున్న పెద్దమనుషులు.

ఈ వైభవం ఎవరి రెక్కల కష్టం మీద నిలిచిందో దాటవేయకూడదు. అరక్ స్థానంలోకి వచ్చిన రమ్ము, పంచ్‌లో పోసిన పంచదార కరీబియన్ దీవుల్లో ఆఫ్రికన్ బానిసలు పండించి కాచినవి. అమెరికాలోనూ అదే కథ. జార్జ్ వాషింగ్టన్ 1760లో లండన్‌కు కబురు పెట్టి ఒక మహాగనీ మద్యం పెట్టె చేయించుకున్నాడు. లోపల గాలన్ సీసాలు 16, ఇత్తడి పిడులు, ఇత్తడి తాళం. 17 గినీల బిల్లు చూసి మండిపడ్డాడు. పని ఖరీదైన తన దేశంలోనే నాలుగు గినీల లోపు ఇలాంటిది చేయించుకోగలనని ఫిర్యాదు రాశాడు. అదే వాషింగ్టన్ 1797లో మౌంట్ వెర్నన్‌లో విస్కీ బట్టీ పెట్టాడు. 1799లో అక్కడ దాదాపు 11,000 గాలన్లు దించారు. ఆ బట్టీలో పనిచేసిన బానిసల పేర్లు హాన్సన్, పీటర్, నాట్, డేనియల్, జేమ్స్, తిమోతీ. కనీసం వీళ్ళ పేర్లు దక్కాయి.

స్వీడన్‌లో పంచ్ దారి వేరు. 1731లో పుట్టిన స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ మొదటి ఓడ 1733లో గోథెన్‌బర్గ్‌కు తిరిగొస్తూ అరక్ తెచ్చింది. ఇంగ్లండ్ రమ్ముకు మళ్ళినా స్వీడన్ అరక్‌ను వదల్లేదు. 1845 నుంచి కలిపి సీసాల్లో పోసి అమ్మసాగారు. గురువారం బఠాణీ సూపుతో పాటు వెచ్చచేసిన పంచ్ తాగే ఆచారం అక్కడ ఇప్పటికీ ఉంది.

ఇంట్లో పంచ్ కలపడం యజమాని స్వయంగా చేసే కళగా వెలిగిన చివరి రోజులు నవలాకారుడు డికెన్స్ కాలానివి. ఆయన 1847 జనవరిలో ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో పద్ధతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. మూడు నిమ్మకాయల తొక్కను తెల్లపొర అంటకుండా పల్చగా చెక్కి గిన్నెలో వేయాలి. రెండు గుప్పిళ్ళ పంచదార, ఒక పింటు పాత రమ్ము, ఒక పెద్ద గ్లాసు బ్రాందీ పోసి నిప్పంటించాలి. మూడు నాలుగు నిమిషాలు మండనిచ్చి, మధ్యమధ్య గరిటెతో కదిపి, ఆర్పి, నిమ్మరసం, మరిగే నీళ్ళు కలపాలి. చీకటి గదిలో నీలిమంట చూపిస్తూ, ఏదేం చేస్తున్నాడో అతిథులకు చెబుతూ కలిపేవాడట.

అప్పటికే గిన్నె కాలం తీరుతోంది. గంటల తరబడి ఒక గిన్నె చుట్టూ కూర్చునే తీరిక నగరాల్లో తగ్గిపోయింది. మంచుగడ్డ చవకైంది. ఫ్రెడరిక్ ట్యూడర్ బోస్టన్ నుంచి ఓడలో వేసి పంపిన మంచు 1833లో కలకత్తా చేరింది. 1842లో మద్రాసు తీరంలో ఐస్‌హౌస్ కట్టారు, అదే నేటి వివేకానంద భవనం. మంచు చేతికందాక, ఒక్క గ్లాసు ఒక్క మనిషికి అప్పటికప్పుడు కలిపివ్వడం కుదిరింది. 1862లో అమెరికన్ బార్‌మన్ జెర్రీ థామస్ ప్రచురించిన బార్‌మెన్ పుస్తకంలో మొదటి భాగం ఇంకా పంచ్‌లదే. కొత్తగా పేరు తెచ్చుకుంటున్న కాక్‌టెయిల్‌కు అందులో కొద్ది పేజీలే దక్కాయి. ముప్పై నలభై ఏళ్ళలో ఆ లెక్క తిరగబడింది. తాగడం సెలూన్లనే మద్యం దుకాణాలకు తరలింది. అవి పూర్తిగా మగవాళ్ళ తావులు.

తాగడాన్ని మళ్ళీ ఇంటికి తెచ్చింది, విచిత్రంగా, మద్యనిషేధం. 1920 జనవరి 17 నుంచి అమెరికాలో మద్యం తయారీ, అమ్మకం, రవాణా నేరం. కానీ నిషేధానికి ముందు కొనిపెట్టుకున్న నిల్వను సొంత ఇంట్లో ఉంచుకుని కుటుంబంతో, అతిథులతో తాగడాన్ని నిషేధాన్ని అమలుచేసిన వోల్‌స్టెడ్ చట్టమే ఒప్పుకుంది. ఆ చట్టాన్ని వీటో చేసి ఓడిపోయిన అధ్యక్షుడు విల్సన్, 1921లో పదవి దిగిపోతూ తన నిల్వను వాషింగ్టన్‌లోని ఎస్ స్ట్రీట్ ఇంటికి తరలించుకున్నాడు. పదమూడేళ్ళ పాటు ఇల్లే బార్ అయింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే గదిలో కూర్చుని తాగడం మామూలైంది. 1933 డిసెంబర్ 5న నిషేధం ఎత్తేసినా ఆ అలవాటు ఇంట్లోంచి కదల్లేదు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సాయంత్రం వేళ వైట్‌హౌస్ మేడ మీద గదిలో తనే మార్టినీలు కలిపి ఇచ్చేవాడు. మెరిసే షేకర్లు పెళ్ళి కానుకలయ్యాయి. 1936లో పెంగ్విన్ ఆకారంలో ఒకటి వచ్చింది.

ఇంటి బార్‌కు అసలైన శాస్త్రం రాసినవాడు బార్‌మన్ కాదు. డేవిడ్ ఎంబరీ అనే న్యూయార్క్ లాయరు. 1948లో వచ్చిన ఆయన పుస్తకం చెప్పేది ఒకటే. వందల పానీయాలు బట్టీ పట్టనక్కర్లేదు, ఆరు మూలాలు తెలిస్తే చాలు, వాటికి సరిపడా సీసాలు కొనిపెట్టుకుంటే ఇల్లు నిండుతుంది. ఆ ఆరింటిలో డైకిరీ, జాక్ రోజ్, సైడ్‌కార్ ఉన్నాయి. మొదటిది రమ్ము, నిమ్మ, పంచదార. రెండోది ఆపిల్ బ్రాందీ, నిమ్మ, దానిమ్మ పాకం. మూడోది బ్రాందీ, నిమ్మ, నారింజ లిక్కర్. నీళ్ళ బదులు మంచు వచ్చింది, మసాలా తప్పుకుంది, గిన్నె గ్లాసంత అయింది. మిగిలినదంతా పంచే. కాక్‌టెయిల్ చరిత్రలు న్యూయార్క్‌లో మొదలవడం పొరపాటని ఇందుకే అనాలి.

అరక్ మాత్రం నిషేధంతో అమెరికా దుకాణాల నుంచి మాయమైంది. జావా నుంచి బటావియా అరక్ మళ్ళీ అక్కడికి చేరేసరికి 2000 దశాబ్దం చివరికొచ్చింది. 2010లో పానీయాల చరిత్రకారుడు డేవిడ్ వాండ్రిచ్ పాత పంచ్ పద్ధతులన్నీ తవ్వితీసి పుస్తకం వేశాక, పదిమందిని పిలిచిన రోజున ఒక్కొక్క గ్లాసూ కలుపుతూ నిలబడకుండా పొద్దున్నే నిమ్మతొక్కను పంచదారలో నలిపి నానబెట్టి, సాయంత్రానికి గిన్నె సిద్ధం చేసుకునే పద్ధతి అక్కడి ఇళ్ళలో మళ్ళీ మొదలైంది.