ప్రార్థన కొండ నేర్పే కృతజ్ఞత



వల నిండితే స్తోత్రం చెబుతాం. రొయ్యల ధర పడిపోతే మన నోట స్తోత్రం రాదు. మన తీరపు సంఘ చరిత్ర ఇంకో సంగతి నేర్పుతోంది.

1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరులో బాప్టిస్టు మిషన్ ప్రారంభించారు. ఏళ్లు గడిచినా ఫలం కొద్దే. 1853లో అమెరికాలోని పెద్దలు ఈ మిషన్‌ను మూసేయాలా అని చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, మన తెలుగు విశ్వాసులు క్రిస్టియన్ నరుసు, జూలియా, రూతు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది.

12 ఏళ్ల తర్వాత, 1866లో, క్లౌ దొరగారు ఒంగోలులో స్థిరపడ్డారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని పేదలకు పని ఇచ్చారు. అన్నం కోసం ఎవరూ సంఘంలో చేరకూడదని బాప్తిస్మములు ఆపారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ సంఖ్య మనకు గుర్తుంది. ఆ ఐదుగురిని మాత్రం మరిచిపోతాం. పంట రాకముందే మోకరించినవారు వారు. 1 థెస్సలొనీకయులకు 5:18లో పౌలు చెప్పేదీ ఇదే: కరువు మంచిదని కాదు, కరువులోనూ దేవుడు మంచివాడని.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఏదైనా అడిగేముందు, మన కోసం ప్రార్థించిన ఒక్కరిని పేరుతో తలచుకుని దేవునికి స్తోత్రం చెల్లిద్దాం. ఆ అవ్వ ఇంకా మన ఊళ్లోనే ఉంటే, వెళ్లి ఆమెకూ చెబుదాం. ఆమేన్.